నలభై ఇళ్ల నిలువెత్తు బంగారం

మా కాలనీ వాళ్లకు నోరూ ఆగదు, చెయ్యీ ఆగదు. ముప్పై ఏళ్లు వాళ్ల పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించిన దాన్ని, ఆ మాత్రం అనే హక్కు నాకుంది. గోదావరి ఒడ్డున బొగ్గుబాయి క్వార్టర్లు మావి, గని కార్మికుల ఇళ్లు. ఒక ఇంట్లో పప్పు మాడితే నాలుగో ఇంటి నుంచి "స్టవ్ బందు చెయ్యి" అని కేక వస్తుంది. అలాంటి చోట ఒక ఇంటి కొడుక్కి దెబ్బ తగిలితే ఊరుకుంటారా?

ఆ కొడుకు పేరు కొండల్. నా దగ్గరే మూడో తరగతి చదివాడు. పదమూడో ఎక్కం వాడికి ఇప్పటికీ రాదు. సైన్యంలో చేరి పదేళ్లయింది. పోయిన ఏప్రిల్‌లో సరిహద్దు దగ్గర గస్తీ తిరుగుతుంటే కాలి కింద మందుపాతర పేలింది. ఎడమ కాలు సగం తొడ దాకా పోయింది. కుడి కాలిని రాడ్లు వేసి నిలబెట్టారు. మూడు రోజులు ఏ మాటా చెప్పలేమన్నారు డాక్టర్లు.

ఫోన్ వచ్చేసరికి వాడి తల్లి లస్మవ్వ నల్లా దగ్గర బిందె పట్టుకుని ఉంది. బిందె అక్కడే వదిలేసి గోదావరి వైపు తిరిగింది. "సమ్మక్క తల్లీ, నా కొడుకును పానంతోని నాకియ్యి. జాతరకు నిలువెత్తు బంగారం ఇచ్చుకుంట" అని మొక్కింది. నేను పక్కనే ఉన్నాను. ఆ గొంతు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

బంగారమంటే బెల్లమే. మనిషిని కాంటాలో కూర్చోబెట్టి, ఆ మనిషెత్తు బెల్లం తూచి సమ్మక్క గద్దెకు ఇస్తారు. జాతర రెండేళ్లకోసారి. కిందటి జాతరప్పుడు కొండల్ సెలవు మీద వచ్చి ఉంటే లస్మవ్వ వాణ్ని తూయించింది. సరిగ్గా డెబ్బై రెండు కిలోలు తూగాడు. అప్పుడు వాడి కూతురు సహస్రకు నాలుగేళ్లు. తండ్రి తొడ మీద ఎక్కి గుర్రమాడటం దానికి అలవాటు. కాంటాలో కూడా ఎక్కి కూర్చుంటే, తూకం చెడుతుందని దించేశారు. గద్దెల దాకా ఏడుస్తూనే వచ్చింది.

కొండల్ బతికాడు. తొమ్మిది నెలలు పుణెలో మిలిటరీ దవాఖానాలో ఉన్నాడు. భార్య వనిత అక్కడే ఉండిపోయింది. ఇక్కడ లస్మవ్వ పొయ్యి వెలిగించిన రోజు లేదు. పొద్దున ఒక ఇంటి గిన్నె, రాత్రి ఒక ఇంటి గిన్నె. సహస్ర జడలకు వారాలు పంచుకున్నారు, అందుకే ఆ పిల్ల ఒక్కో రోజు ఒక్కో రకంగా బడికి పోయేది. బాయిలో కప్పు కింద దుంగలు నిలబెట్టే పని చేసే రాయమల్లు, ఎవరూ అడగకుండానే కొండల్ వాకిట్లో నడుం ఎత్తున గుంజలు పాతి, వాటి మీద రెండు పొడుగాటి కర్రలు అడ్డంగా బిగించాడు. వాడు పట్టుకుని నడక నేర్చుకోవడానికి. "బాయిల కొండనే ఆపినయి నా దుంగలు, పోరణ్ని ఆపయా?" అన్నాడు.

కొండల్ వచ్చిన రోజు డప్పులు కొట్టారు. అంబులెన్సు కిటికీలోంచి పూలు పోసీ పోసీ వాడికి తుమ్ములు తెప్పించారు. అందరికీ దండాలు పెట్టాడు పాపం. నవ్వాడు కూడా. నాకు మాత్రం ఆ నవ్వు నచ్చలేదు. లెక్క రాకపోయినా వచ్చినట్టు తల ఊపేటప్పుడు మూడో తరగతిలో అలాగే నవ్వేవాడు.

అసలు గొడవ జాతరకు పది రోజుల ముందు మొదలైంది.

రాయమల్లు వచ్చి, "లస్మక్కా, నీ మొక్కు తీరినంక జర కొండల్‌ను మా ఇంటికి పంపు. నేను సుత కొండల్ ఎత్తు బంగారం మొక్కిన" అన్నాడు. లస్మవ్వ సరేనంది. సాయంత్రానికి ఇంకో ఇద్దరు వచ్చారు. మర్నాడు పదకొండు మంది. ఏప్రిల్‌లో డాక్టర్లు ఏ మాటా చెప్పలేమన్న ఆ మూడు రోజుల్లో ఒకరికి చెప్పకుండా ఒకరు, మొత్తం నలభై ఇళ్ల వాళ్లు మొక్కారని తేలింది. నలభై ఇళ్లూ నిలువెత్తే! ఆపద మొక్కులు సంపద మరుపులు అంటారు. మా వాళ్లకు ఆ మరుపైనా రాలేదు.

బజారులో బెల్లం దుకాణం రహీమ్ భాయ్ కూడా వచ్చాడు. "నేను దర్గాల దువా చేసిన. గద్దెల దిక్కు పోతుంటే అమ్మకు సుత ఒక మాట చెప్పిన. రెండు దిక్కుల చెప్తే తప్పేమున్నది?" అన్నాడు.

"నలభై సార్లు కూసోబెట్టి తూస్తరా వాన్ని? వాడు మనిషా, వడ్ల బస్తానా?" అని నేను అరిచాను. "మీరేం మొక్కలేదా టీచరమ్మా?" అని ఎవరో అడిగారు. నేను మొక్కలేదని చెప్పాను. ఇలాంటివి నాకు పట్టవని కాలనీలో అందరికీ తెలుసు.

ఇంత హడావిడి జరిగాక కొండల్ ఒక్క ముక్కే అన్నాడు. "నేను కాంటాల కూసోను."

లస్మవ్వ బతిమాలింది, వనిత చెప్పి చూసింది. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మొక్కు తీరేదాకా తీపి ముట్టనని తల్లి ఏప్రిల్ నుంచి చక్కెర లేని చాయ తాగుతోంది. జాతరలో ఇవ్వకపోతే మళ్లీ రెండేళ్లు ఆగాలి. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఆ రెండేళ్ల తర్వాత తాను ఉంటానో లేదో అన్నది ఆమె బెంగ. దేవత బాకీ కొడుకు మీద పడుతుందని భయం. చివరికి నా దగ్గరకొచ్చి, "నీ మాటైతే ఇంటడు టీచరమ్మా" అంది.

నేను వెళ్లేసరికి వాడు వాకిట్లో రాయమల్లు కర్రల మధ్య ఉన్నాడు. కృత్రిమ కాలు తొడుక్కుని అడుగులో అడుగు వేస్తున్నాడు. చెమటకు బనీను తడిసిపోయింది. గడపలో సహస్ర కూర్చుని చూస్తోంది. తండ్రి తూలినప్పుడల్లా లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. దగ్గరకు మాత్రం రాదు.

"పిల్లను పిలవొచ్చు గదరా" అన్నాను.

"పైలం, పుండుకు తాకుతవు అని నేనే దూరం ఉంచిన, టీచర్."

"పుండు మానింది గదా?"

వాడు కర్ర పట్టుకుని ఆగిపోయాడు. గొంతు తగ్గించాడు. "మానింది. కానీ వస్తే ఎక్కడ కూసుంటది టీచర్? దానికి నా ఎడమ తొడ మీద కూసునుడు అలవాటు. కూసునే జాగేది?"

నేను గడపలో ఉన్న సహస్ర వైపు చూశాను.

వాడే మళ్లీ అన్నాడు. "పోయినసారి డెబ్బై రెండు అని అందరికీ ఎరుకే. ఇప్పుడు కూసుంటే ఎంత పోయిందో కిలోల లెక్కన తెలుస్తది. మా అవ్వ ముంగట, నా బిడ్డ ముంగట. నాతోని కాదు టీచర్."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, దగ్గరున్నాడు కాబట్టి వాడి మీదే చూపించాను. "ఒరేయ్, నీ కాలు పోయిందని ఈ కాలనీల ఎవరికి తెల్వదురా? మీ అవ్వ తొమ్మిది నెలల సంది తీపి ముట్టలే. ఆమె మొక్కింది నీ కాలు కోసం కాదు, నీ పానం కోసం. పానం తూకమెంతో నీకు తెలుసా? తెల్వది గదా? అయితే నోరు మూసుకొని కూసో."

వాడు కర్రల చివరి దాకా నడిచి, వెనక్కి తిరిగాడు. తర్వాత, "ఒక్కసారే. నలభై ఇండ్లది కలిపి ఒక్కటే తూకం. నన్ను ఎవ్వరూ ఎత్తుకోవద్దు, నేనే నడిసి పోత" అన్నాడు.

మొక్కులు కలపొచ్చా అని కాలనీలో పెద్ద పంచాయతీ అయింది. లస్మవ్వే తేల్చేసింది. "పిల్లగాడు ఒక్కడే, పానం ఒక్కటే. తూకం సుత ఒక్కటే."

జాతర ముందు రోజు పొద్దున రహీమ్ భాయ్ తన తండ్రి నాటి పెద్ద కాంటా తెచ్చి, మా సందు మొదట్లో మూడు దూలాలు కట్టి వేలాడదీశాడు. బస్తాలు తూచేది, గొలుసులకు చెక్క పలకలు. ఇంటికో బెల్లం ముద్ద తెచ్చి, కళ్లకద్దుకుని ఒక పలక మీద పెట్టారు. రహీమ్ భాయ్ రెండో పలక మీద తూకపు బాట్లు వేసి చూసి సరిగ్గా డెబ్బై రెండు కిలోల దగ్గర ఆపాడు. డెబ్బై రెండుకు ఒక్క గ్రాము తగ్గినా ఒప్పుకోనని లస్మవ్వ ముందే చెప్పింది.

కొండల్ గడప దిగాడు. ముప్పై అడుగుల దూరం. మూడో అడుగులో తూలాడు. ఒక్కసారే పది చేతులు ముందుకు వచ్చాయి. "ముట్టుకుంటే వేళ్లు ఇరగ్గొడ్త!" అని అరిచాను. చేతులు వెనక్కి పోయాయి. కొందరు నా పాత విద్యార్థులే, బెత్తం గుర్తొచ్చి ఉంటుంది. వాడు నిలదొక్కుకున్నాడు. ముప్పై అడుగులకు ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు, నేను ఊపిరి తీసుకున్నది మాత్రం చివర్లోనే.

బాట్లు తీసేసిన పలక మీద కూర్చుని, పట్టీలు విప్పి, కృత్రిమ కాలు తీసి వనిత చేతికిచ్చాడు. "సమ్మక్క తల్లికి నా తూకం ఇయ్యాలె. ఇనుప తూకం కాదు" అన్నాడు.

రహీమ్ భాయ్ బెల్లం వైపు పలక కింద ఎత్తుగా పెట్టిన ఆనిక తీశాడు. బెల్లం పలక ధన్‌మని నేలకు కూర్చుంది. కొండల్ కూర్చున్న పలక పైకి లేచి గాలిలో ఆగింది.

వాడు ఏది చూడనని గోడ వైపు తిరిగాడో, అది అందరి కళ్ల ముందూ వేలాడుతోంది. వాడు తల వంచుకున్నాడు.

రహీమ్ భాయ్ మెల్లగా ఒక బెల్లం ముద్ద తీయబోయాడు. లస్మవ్వ ఆ చెయ్యి పట్టుకుంది. "తియ్యకు భాయ్. నేను మొక్కింది గిదే. తల్లి దగ్గర తక్కువ తూకం చెయ్య." ఆమె ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండనిపించింది. బెల్లం తీస్తే తల్లి మాట తప్పుతుంది, తీయకపోతే కొడుకు అలా గాలిలోనే ఉంటాడు. ఏం చేయాలో ఎవరికీ తోచలేదు.

అప్పుడు సహస్ర గుంపులోంచి ముందుకొచ్చింది.

"డాడీ, పోయినసారి నన్ను దింపిండ్రు. గీసారి నేను కూసుంటా."

"జాగ లేదు బిడ్డా" అన్నాడు కొండల్. ఆ మాట వాడి నోట్లోంచి సగమే బయటికొచ్చింది.

ఆ పిల్ల పలక అంచు పట్టుకుని తొంగి చూసింది. ఎడమ వైపు, కాలు ఉండాల్సిన చోట, చెక్క ఖాళీగా ఉంది.

"గీడ గింత జాగున్నది గదా" అంది.

పక్కనున్న పీట మీదికెక్కి, అక్కడి నుంచి పలక మీదికి దిగి, ఆ ఖాళీలో సరిగ్గా ఇమిడి కూర్చుంది. తండ్రి పొట్టకు వీపు ఆనించింది. మిగిలిన తొడ మీద చెయ్యి పెట్టి, "నొస్తుందా?" అని అడిగింది. వాడు లేదని తల ఊపాడు. రెండు చేతులతో పిల్లను చుట్టుకుని, దాని జుట్టులో ముఖం దాచుకున్నాడు. ఆ ఏడుపు నలభై ఇళ్లకూ వినపడింది. మేము కూడా ఏం తక్కువ ఏడవలేదు.

పలక దిగింది. దిగి, నేలను తాకింది. ఇప్పుడు బెల్లం పైకి లేచింది.

రహీమ్ భాయ్ కళ్లు తుడుచుకుని, ముల్లు సరిపోయేదాకా బెల్లం వైపు బాట్లు వేసి తీసి, వ్యాపారం గొంతు తెచ్చుకున్నాడు. "లస్మవ్వా, నీ కొడుకు డెబ్బై రెండు దాటిండు. బెల్లమే తక్కువైంది. ఇంకో రెండు కిలోలు కావాలె."

లస్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొండల్ తల ఎత్తాడు. ముఖమంతా తడిగా ఉంది. "తీసుకరాండ్రి. మేమిద్దరం దిగం" అన్నాడు. ఈసారి నవ్వు నాకు నచ్చింది.

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇళ్లలో ఉన్నదంతా అప్పటికే పలక మీద ఉంది. రహీమ్ భాయ్ దుకాణం బజారు అవతలి చివర ఉంది, పోయి రావడానికి అరగంట.

నేను గబగబా ఇంటికి నడిచాను. బియ్యం డబ్బా వెనకాల, ఏప్రిల్‌లో పాత చీరలో చుట్టి దాచిన బెల్లం ముద్ద తీశాను. రెండు కిలోలు. అందరూ చూస్తుండగానే కళ్లకద్దుకుని పలక మీద పెట్టాను.