దవడ పన్ను

సూర్యకళ కువైట్ నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం కూతురికి అన్నం కలిపి పెడుతూ గమనించింది. పిల్ల ఎడమ వైపు నమలడం లేదు. ముద్దని కుడి బుగ్గలోకి తోసుకుని, కాసేపు నాననిచ్చి మింగేస్తోంది. పప్పులోకి నంజుకోమని వేసిన గుమ్మడి వడియాలు కంచం అంచున అలాగే ఉన్నాయి.

"వడియాలంటే ప్రాణం పెట్టేదానివి కదే. తినవేం?"

"వద్దు."

"పన్ను నొప్పా? ఏదీ, నోరు తెరు."

సాయిప్రసన్న వెంటనే తెరిచింది. తెరవడమంటే పెదాలు విడదీసి, పళ్ళు బిగించి 'ఈ' అనడం. రెండున్నరేళ్ళుగా ఫోనులో తల్లికి రోజూ చూపిస్తున్నది అదే. ముందు పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి.

"అలా కాదు. ఆ అను."

పిల్ల అనలేదు. సూర్యకళ ఎడం చేత్తో గడ్డం పట్టుకుని, రెండో చేత్తో ఫోను లైటు వేసి లోపలికి చూసింది. కింద ఎడమ పక్క మూడు దవడ పళ్ళు నల్లగా గుంటలు పడి ఉన్నాయి. ఒకదాని పక్కన చిగురు మీద చీము పొక్కు. కుడి పక్కన కూడా ఒక పన్ను పుచ్చడం మొదలైంది. నోట్లోంచి కొట్టిన వాసనకి ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. తిప్పుకున్నందుకు ఆమెకే సిగ్గేసింది. పిల్ల అది చూసింది. నోరు మూసుకుని, కంచం ముందునుంచి లేచి తండ్రి దగ్గరికి వెళ్ళిపోయింది.

తండ్రి అప్పాజీ వసారాలో మంచం మీద ఉన్నాడు. ఒకప్పుడు ఆత్రేయపురం చుట్టుపక్కల తోటల్లో కొబ్బరి దింపు తీసేవాడు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా అరవై చెట్లెక్కి దిగేవాడు. ఓ వానాకాలం చెట్టు మీంచి జారి నడుం మీద పడ్డాడు. కర్ర సాయంతో పెరట్లోకి వెళ్ళి రాగలడు, కూర్చుని పని చెయ్యగలడు, అంతే. అది జరిగిన ఏడాదికి సూర్యకళ కువైట్‌లో ఓ ఇంట్లో పనికి వెళ్ళింది. అప్పటికి పిల్లకి ఐదేళ్ళు. ఇప్పుడు ఎనిమిదో ఏడు నడుస్తోంది. అక్కడి యజమానులు వేసవికి వేరే దేశం వెళ్ళడంతో ఇన్నాళ్ళకి సూర్యకళకి నలభై రోజులు సెలవు దొరికింది.

"దాని నోరు చూశారా మీరు?" అంది సూర్యకళ వసారాలోకి వచ్చి.

అప్పాజీ పిల్ల తల నిమురుతూ, "పాల పళ్ళేగా. ఊడిపోయేవే," అన్నాడు.

"చీము పట్టిందండీ. నొప్పని ఏడవలేదా?"

"ఏడిచింది. రెండు మూడు సార్లు మందుల షాపులో సిరప్ తెప్పించి పోశాను. తగ్గింది."

"నాకు ఒక్కసారీ చెప్పలేదే?"

"చెబితే ఏం చేస్తావు? అక్కణ్ణించి నువ్వూ ఏడుస్తావు."

ఆ సాయంత్రమే పక్కింటి రత్తమ్మ పళ్ళెంలో నాలుగు పూతరేకు ముక్కలు పట్టుకొచ్చింది. రత్తమ్మ ఇంట్లోనే పూతరేకులు చుట్టి అమ్ముతుంది. విరిగిపోయిన రేకులకి నెయ్యి రాసి, పంచదార పొడి జల్లి, ప్రసన్న కోసం రోజూ తెస్తుందని సూర్యకళకి అప్పుడే తెలిసింది.

"తల్లి దగ్గర లేని పిల్ల కదమ్మా. ఓ ముక్క పెడితే దానికీ తృప్తి, నాకూ తృప్తి," అంది రత్తమ్మ.

ఆవిడ వెళ్ళాక మంచం తల వైపున్న డబ్బాలో చాక్లెట్లు కూడా కనపడ్డాయి. రాత్రి పడుకునే ముందు పిల్లకి పంచదార కలిపిన పాలు ఇవ్వడం, సగం తాగుతూనే అది నిద్రపోవడం కళ్ళారా చూసింది.

మర్నాడు ముగ్గురూ ఆటోలో రావులపాలెం వెళ్ళారు. పళ్ళ డాక్టరు హెలెన్ నడివయసు మనిషి. పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, ఎక్స్‌రే తీసి, చాలాసేపు చూసింది.

"ఎడమ పక్క ఈ ముందు రెండూ పాల పళ్ళు. తీసెయ్యాలి. వాటి కింద వేరే పళ్ళున్నాయి, ఆలస్యంగానైనా వస్తాయి. ఈ చివరిది కూడా తీసెయ్యాల్సిందే. నిలబెట్టడానికి ఏమీ మిగల్లేదు. కాకపోతే ఇది పాల పన్ను కాదండి."

"అక్కడ దానికి ఏ పన్నూ ఊడలేదండి," అన్నాడు అప్పాజీ. "ఊడకుండా కొత్త పన్ను ఎలా వస్తుందండి?"

"ఊడక్కర్లేదండి. ఆరో ఏట పాల పళ్ళన్నిటికీ వెనకాల, ఖాళీ చోట ఇది కొత్తగా వస్తుంది. అందరూ పాల పన్నే అనుకుని వదిలేస్తారు. నిజానికి ముసలితనం దాకా ఉండాల్సింది ఇదే."

"మళ్ళీ రాదా అండీ?"

"రాదండి."

అప్పాజీ కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నేలవైపు చూశాడు.

"కుడి పక్కది కూడా అలాంటిదే. దాన్ని మాత్రం సిమెంటు పెట్టి కాపాడొచ్చు," అంది డాక్టరు. "రాత్రిపూట పళ్ళు ఎవరు తోముతున్నారు?"

"తనే తోముకుంటుందండి," అన్నాడు అప్పాజీ.

"ఎనిమిదేళ్ళు నిండేదాకా పిల్లల చెయ్యి వెనక పళ్ళకి తిరగదండీ. పెద్దవాళ్ళే తోమాలి. శనగ గింజంత పేస్టు చాలు. పైన, కింద, లోపలి వైపు కూడా మెల్లగా గుండ్రంగా తిప్పాలి. తోమాక మంచినీళ్ళు తప్ప ఇంకేమీ పెట్టకూడదు."

సూర్యకళ తలూపలేదు. అదంతా ఆమెకి కొత్త కాదు. కువైట్‌లో మేడమ్ ఇద్దరు పిల్లల్నీ పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు ఇవే మాటలు దగ్గరుండి విన్నది. ఆ పిల్లలకి రెండు పూటలా పళ్ళు తోమడం ఆమె పనుల్లో ఒకటి.

చీము తగ్గడానికి ఐదు రోజులు మందులు వాడి, ఆరో రోజున పళ్ళు తీయించారు. ఇంజెక్షను చూడగానే ప్రసన్న కుర్చీలోంచి కిందికి జారబోయింది. సూర్యకళ రెండు చేతులూ పట్టుకుని ఆపింది.

"నాన్నా! నాన్నని రమ్మను!"

"నేనున్నానే తల్లీ. ఒక్క నిమిషం, అయిపోతుంది."

"నువ్వొద్దు. నువ్వు కువైట్ వెళ్ళిపో!"

డాక్టరు చేతిలో ఇంజెక్షను ఆగింది. అప్పాజీ బయట బల్ల మీంచి కర్ర పట్టుకుని లేచొచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు. పిల్ల అతని చొక్కా పట్టుకుని నోరు తెరిచింది. సూర్యకళ గోడ దగ్గరికి జరిగింది.

తిరుగు ప్రయాణంలో ఆటో కాలవ గట్టు మీద వెళ్తుంటే పిల్ల తండ్రి ఒళ్ళో నోట్లో దూదితో నిద్రపోయింది. సూర్యకళకి అప్పటిదాకా ఆపుకున్నది ఆగలేదు.

"రోజంతా ఇంట్లోనే ఉంటారు. ఒక్క పిల్ల. రెండు పూటలా రెండేసి నిమిషాలు. అంతకన్నా ఏం అడిగానండీ మిమ్మల్ని?"

అప్పాజీ పిల్ల లేస్తుందేమోనని గొంతు తగ్గించాడు. "నువ్వు పది నిమిషాలు ఫోనులో కనపడతావు. ఆ పది నిమిషాలూ తోమావా, చదివావా, చూపించు, అంతే. మిగతా పొద్దంతా దాని ఏడుపు నాది. లేచి వెంటపడలేను. చాక్లెట్ ఇస్తే మంచం దగ్గర కూర్చుంటుంది. లేకపోతే వీధిలోకి పోతుంది. కాలవుంది. నేను పరిగెత్తగలనా?"

"అయితే చూపించిన పళ్ళు?"

"నువ్వు ఫోను చేసే టైముకి ముందు పళ్ళు తోముకునేది. నేనే తోముకోమనేవాణ్ణి." పిల్ల నోట్లో దూది సర్దుతూ అన్నాడు. "నీ సంపాదన తింటున్నాను. కనీసం నీకు బెంగ లేకుండా చేద్దామనుకున్నాను."

ఆమెకి అతన్ని కొట్టాలనిపించింది. అతని నడుం వెనక పెట్టిన తలగడ జారిపోతుంటే సర్దింది.

పుండ్లు మానాక సూర్యకళ పిల్లకి తనే తోమడం మొదలుపెట్టింది. మొదటి రెండు రోజులూ ప్రసన్న నోరు బిగించేసింది. ఆమె కేకలేసింది. మూడో రోజు ఓ దెబ్బ కూడా వేసింది. కువైట్‌లో మేడమ్ పిల్లల్ని ఎప్పుడూ కొట్టలేదు. కొట్టే వీలు లేదు కాబట్టి ఓపిక పట్టేది, పాటలు పాడేది, బొమ్మకి తోమినట్టు నటించేది. ఆ ఓపిక తన పిల్ల దగ్గరికొచ్చేసరికి ఎటు పోయిందో ఆమెకే అర్థం కాలేదు. నాలుగో రోజు పిల్లని చాప మీద పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుని, అద్దం పిల్ల చేతికిచ్చింది.

"నేను తోముతాను. నువ్వు అద్దంలో చూస్తూ ఎక్కడైనా మరిచిపోతే చెప్పు."

ఇది పిల్లకి నచ్చింది. సూర్యకళ బ్రష్షు తిప్పుతూ, అలవాటు మీద, ఒక్కో పంటికీ అరబ్బీలో అంకెలు లెక్కపెట్టింది. పిల్ల బ్రష్షు పక్కకి నెట్టి అడిగింది.

"అదేంటి?"

"అక్కడి అంకెలు. అక్కడి పిల్లలకి అలా లెక్కపెడతాను."

"వాళ్ళకి కూడా నువ్వే తోముతావా?"

"ఊఁ."

"రోజూనా?"

"రోజూ," అంది సూర్యకళ.

"వాళ్ళకి పుచ్చు పళ్ళున్నాయా?"

"లేవు."

ప్రసన్న అద్దం మొహానికి దగ్గరగా తెచ్చుకుని ఎడమ పక్క ఖాళీని చూసుకుంది. నోరు తెరిచింది. సూర్యకళ మిగతా పళ్ళు లెక్కపెట్టకుండా తోమింది.

రత్తమ్మకి మెల్లగా చెబుదామనుకుంది గానీ ఆవిడ పళ్ళెంతో గుమ్మంలోకి రాగానే మాట తిన్నగా వచ్చేసింది.

"పిన్నీ, ఇక మీరు దానికి తీపి పెట్టకండి. మీకు దణ్ణం పెడతాను."

"అంటే దాని పళ్ళు నేను పుచ్చగొట్టాననా?" అంది రత్తమ్మ. "జ్వరమొస్తే రాత్రిళ్ళు కూర్చున్నది ఎవరే? నువ్వా? జడేసి బడికి పంపింది ఎవరు?"

"కాదన్లేదు పిన్నీ."

"అయితే ఇన్నాళ్ళూ పెట్టింది విషమనేగా నువ్వనేది!"

పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి గుమ్మం తొక్కలేదు, జడ వెయ్యడానికి కూడా. పిల్ల రెండు మూడు సార్లు రత్తమ్మ ఇంటి వైపు గోడ దగ్గరికెళ్ళి "మామ్మా" అని పిలిచి వచ్చింది.

సెలవు పది రోజులుందనగా సూర్యకళ బ్రష్షు అప్పాజీ చేతిలో పెట్టింది.

"నాకు నేర్పక్కర్లేదు," అన్నాడతను.

"నేను వెళ్ళాక ఎవరు తోముతారు?"

"వెళ్ళడం మానెయ్యొచ్చుగా."

ఆమె అతని మొహంలోకి చూసింది. మానేస్తే ఏం జరుగుతుందో అతనికీ తెలుసు. కొబ్బరి పీచు పనికెళ్ళొచ్చు. దాంతో అతని మందులు రావు, కుడి పక్క పంటికి మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా కుదరదు. మంచం పక్కన పీట వేసి పిల్లని కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చి అతని మోకాళ్ళ మీద పెట్టింది.

అతని చేతులు పెద్దవి, కాయలు కాసినవి. మొదటిరోజు బ్రష్షు చిగురుకి తగిలి నెత్తురొచ్చింది. "వీడెవడో డాక్టర్నని బయల్దేరాడు," అని తనని తానే తిట్టుకుని బ్రష్షు పారేశాడు. ప్రసన్న లేచి వెళ్ళి దాన్ని కడిగి తెచ్చింది.

"మెల్లగా తిప్పు నాన్నా. లోపలి వైపు కూడా. అమ్మ అలాగే చేస్తుంది."

పదో రోజుకి అతనికి చెయ్యి కుదిరింది. చాక్లెట్ల డబ్బా అతనే తీయించేశాడు. పాలు రాత్రి భోజనంతోపాటే ఇచ్చేస్తున్నాడు. చెయ్యాల్సినవన్నీ సూర్యకళ చెబుతూనే ఉంది, ప్రతిదానికీ తలూపుతూనే ఉన్నాడు. బయల్దేరే రోజు పిల్ల ఏడవలేదు. కారు దాకా వచ్చి, బ్యాగు లోపల పెట్టడానికి ఓ చెయ్యి వేసి, తండ్రి పక్కకి వెళ్ళి నిలబడింది.

ఏడు నెలలు గడిచాయి. మాఘమాసంలో ఓ రోజు ఫోను చేస్తే అప్పాజీ గొంతు హుషారుగా ఉంది. రావులపాలెం వెళ్ళొచ్చారట. కుడి పక్క పన్ను గట్టిగా నిలబడిందట. కొత్తగా ఒక్క పుచ్చు కూడా లేదట. ఎడమ పక్క చివరి పన్ను ఖాళీ సంగతి పెద్దయ్యాక చూద్దామన్నారట.

"డాక్టరమ్మ నన్ను మెచ్చుకుంది కళా," అన్నాడు.

"దాన్ని పిలవండి."

ప్రసన్న ఫోను ముందుకొచ్చింది. కొంచెం పొడుగైంది.

"నోరు తెరువమ్మా, చూస్తాను. ఆ అను."

"నాన్న చూశాడు."

"నేనూ చూస్తానే."

"ఎందుకు? బాగానే ఉన్నాయి." ఆ గొంతులో కోపం లేదు. "హోంవర్కుంది, వెళ్తా."

తెర మీద ఇంటి పైకప్పు కనపడింది. అప్పాజీ ఫోను అందుకున్నాడు.

"చిన్నపిల్ల. ఏమీ అనుకోకు. రేపు చూపిస్తుందిలే."

"చూపించకపోయినా ఫరవాలేదు. మీరు చూస్తున్నారుగా," అంది సూర్యకళ.

అతను ఇంకేదో చెప్పబోయాడు. "ఉంటానండీ, పిలుస్తున్నారు," అని ఫోను పెట్టేసింది. ఎవరూ పిలవలేదు. వంటింట్లో సింకు దగ్గర నిలబడి, ట్యాపు తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు కింద కాసేపు ఏడ్చింది.