కూకో ఎరుపు

ఎడారి ఊరు టూసాన్ దక్షిణపు పేటలో కారు కొనబోయే ప్రతివాడికీ ఎవరో ఒకరు చెప్పే మాట ఒకటుంది: ఎండతో పేచీ వద్దనుకుంటే తెల్లది కొనుక్కో. తెలుపు ఎండను గుమ్మంలోంచే తిప్పి పంపేస్తుంది. ఇసుక రంగు, వెండి రంగు కూడా గుట్టుగా కాలం వెళ్లదీస్తాయి. నల్ల కారు తలుపు పట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది. ఇక ఎరుపంటారా, అది ఎండకు మొదటి ముద్ద.

అదంతా తెలిసే కూకో బ్రాకమోంతే తన పాతకాలపు ఇంపాలా కారుకు ఎరుపు వేశాడు. మామూలు ఎరుపు కాదు, ఎరుపులన్నిటిలోకీ సుకుమారమైనది. కింద వెండి పూత, దాని మీద పాకంలా అవతలిది కనిపించే పలచటి ఎరుపు పొర మీద పొరగా, అన్నిటికీ పైన క్లియర్ అనే అద్దంలాంటి రంగులేని పూత. క్యాండీ రంగు అంటారు దాన్ని. చూస్తే అందులోకి చెయ్యి ముంచవచ్చుననిపిస్తుంది. అలాంటి కారున్నవాళ్లు దానికి దుప్పటి కప్పి షెడ్డులో ఉంచి, పొద్దు వాలాక బయటికి తీస్తారు. కూకో పట్టపగలే తిరిగేవాడు. ఇదేమన్నా బీరువాలో దాచుకునే పెళ్లి గౌనా అనేవాడు. నేలకు తగిలేంత కిందికి దించిన లోరైడర్ కార్ల సంఘంలో ఆ రంగుకు ఇంకో పేరు లేదు. కూకో ఎరుపు, అంతే.

కూకో పోయి ఏడాది దాటింది. కారు ఇప్పుడు భార్య ఒఫేలియాది. అతను నడిపిన రంగుల షెడ్డు, అతని చేతి కింద పని నేర్చుకున్న కూతురు గ్రిసెల్దాది. తల్లీకూతుళ్ల మధ్య వచ్చిన పేచీ కారు ఎడమ పక్క గురించి.

కుడి పక్క ఇంకా ఎరుపే. ఎడమ పక్క వెలిసి, వాడిన గులాబీ రేకు రంగుకు దిగింది. కారణం పేటలో అందరికీ తెలుసు. ఒఫేలియా ఆసుపత్రి లాండ్రీలో పనిచేసినన్నేళ్లూ, ఆమె డ్యూటీ దిగే వేళకు కూకో వచ్చి, కారు ఎడమ పక్కను పడమటి ఎండకు అప్పగించి ఎదురుచూసేవాడు. అవతల నీడ ఉండేది. అక్కడ పెట్టుకోమని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. అక్కణ్ణించి నువ్వొచ్చే తలుపు కనబడదు అనేవాడు. అంతకుమించి ఆ సంగతి వాళ్లిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఆ పక్కన క్లియర్ లేచిపోతోంది, ఎండకు కమిలిన వీపు మీది చర్మంలా. జూన్ నెలాఖరున సాన్ హువాన్ పండుగ వెళ్తే వానలు. నీళ్లు లోపలికి దిగితే రేకు తుప్పు పడుతుంది. పైగా పండుగ ఊరేగింపులో సంఘం కార్లన్నిటికీ ముందు కూకో కారే నడవాలని అందరూ అనుకున్నారు. ఏదో ఒకటి చెయ్యక తప్పదు.

గ్రిసెల్దా మొదట్లోనే చెప్పింది. క్యాండీ రంగుకు అతుకు పడదు, ఒక పక్క మాత్రమే వేస్తే రెండోదానితో జన్మలో కలవదు, మొత్తం గీకేసి మళ్లీ వెయ్యాల్సిందే అని. ఆ పక్కను ముట్టుకోవద్దంది ఒఫేలియా. రోజూ పొద్దున్నే, రేకు వేడెక్కకముందు, కాఫీ కప్పుతో వెళ్లి ఆ తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. కప్పు ఒక చేతిలో, రెండో చెయ్యి తలుపు మీద.

నచ్చజెప్పడానికి తాచో వచ్చాడు. కూకోకు చిన్ననాటి స్నేహితుడు, గ్రిసెల్దాను బాప్తిస్మంలో ఎత్తుకున్న జ్ఞానతండ్రి. ఆ వరసతో ఒఫేలియాను కొమాద్రే అని పిలుస్తాడు.

"కొమాద్రే, ఆ పక్కంటే మావాడికి మహా సిగ్గు. నేను ఏడిపించేవాణ్ణి కూడా. ఒరేయ్, నీ కారు ఒక పక్క పెళ్లికెళ్తోంది, ఇంకో పక్క చావుకెళ్తోందిరా అని. బూతులు తిట్టి, చేతిలో పనులు తెమలనీ, మళ్లీ వేస్తా చూడు అనేవాడు."

"ఆయన సిగ్గు ఆయన పట్టుకుపోయాడు," అంది ఒఫేలియా. "మిగిలింది నాది."

తాచో కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ఒక శనివారం పొద్దున గ్రిసెల్దా తల్లిని కారు తీసుకుని షెడ్డుకు రమ్మంది. స్టాండు మీద ఏదో పాత కారు తలుపు, దానిపైన గుడ్డ. గుడ్డ తీసింది. తలుపు మీద ఉన్నది ఆ గులాబీ రంగే. పైభాగాన ఎక్కువ వెలిసి, కిందికి వచ్చేకొద్దీ ఎరుపు చిక్కబడుతూ, ఎండకు క్లియర్ మసకబారి ఏర్పడ్డ ఆ సన్నటి పాలపొరతో సహా.

"ఇదైతే అతుకు పడుతుందమ్మా," అంది గ్రిసెల్దా. "లేచిపోయిన చోటల్లా ఇదే వేసి, పైన కొత్త క్లియర్ కొట్టేస్తా. నీ పక్క నీకుంటుంది. ఎక్కడ అతికానో నువ్వు కూడా కనుక్కోలేవు."

ఇద్దరూ ఆ తలుపును మోసుకెళ్లి ఎండలో కారు పక్కన పట్టుకుని చూశారు. నిజంగానే తేడా తెలియలేదు. ఒఫేలియా గర్వంగా కూతురి వైపు చూసింది. ఇంత పని కూకో కూడా చెయ్యగలిగేవాడు కాదు. తన కడుపున పుట్టిన పిల్ల చేసింది.

మళ్లీ రెండింటినీ మార్చి మార్చి చూసింది. ఎరుపు కూకో చేసింది. గులాబీ ఎవరూ చేసింది కాదు, అది అతను ఎండలో ఎదురుచూసిన మధ్యాహ్నాల గుర్తు. ఈ తలుపు మీద ఉన్న గులాబీకి మాత్రం ఏ మధ్యాహ్నమూ తెలియదు.

"మీ నాన్న చూస్తే ఏమనేవాడే?"

గ్రిసెల్దా తలుపును గోడకు ఆనించింది.

"చెప్పు, పర్లేదు."

"శెభాష్ అనేవాడు," అంది గ్రిసెల్దా నేల చూస్తూ. "అని, ఇంత పనితనమూ పెట్టి ముసలి రంగు వేశావేంటే పిచ్చిమొహమా అనేవాడు."

ఒఫేలియాకు నవ్వొచ్చింది. అచ్చం అలాగే అనేవాడు.

"మీ నాన్న బతికినన్నాళ్లూ ఎండతో తగువు పడ్డాడు. నువ్వు వెళ్లి ఎండ పక్షాన చేరావు. నా మొహం చూసే చేరావులే, నిన్నేమీ అనను." ఆమె షెడ్డులోకి నడిచి, చేతిసంచి తీసి బల్ల మీద పెట్టింది. "ఉప్పుకాగితం ఎక్కడుంది?"

ఎడమ తలుపు ఆమే మొదలుపెట్టింది. తడి కాగితంతో రుద్దుతుంటే నీళ్లు గులాబీగా కారి, కాలవలోకి పోయాయి. కాసేపటికి అరిగిన చోట రంగులు వలయాలుగా బయటపడ్డాయి. వెలిసిన ఎరుపు, వెండి, దాని కింద మరో వెలిసిన ఎరుపు, మళ్లీ వెండి. అడుగుది తమ పెళ్లినాటిది. మీదిది గ్రిసెల్దా బాప్తిస్మానికి వేసింది. మీద కొత్తది పట్టేలా పెళ్లినాటి రంగును పైపైన గీకిన రోజు కూకో ఈల వేసుకుంటూ గీకాడు. కొంచెం అలాగే ఉంచనా అని ఆమెను అడగలేదు. అడగాలని అతనికి తోచనే లేదు. ఒఫేలియా గుడ్డతో తలుపు తుడిచి, రుద్దడం సాగించింది.

రంగు వేసే రోజు ఆమె షెడ్డులోని రంగుగది బయట, కిటికీ అద్దం దగ్గర నిలబడింది. లోపల కారు నిండా వెండి. గ్రిసెల్దా ముసుగు కట్టుకుని రంగు చిమ్మే గన్ను పట్టింది. మొదటి పూతకు వెండి కాస్త సిగ్గుపడినట్టయింది. మరో పూత ఆరేసరికి గ్రిసెల్దా చెయ్యి ఆగిపోయింది.

కారు గులాబీ అయింది. ఆ గులాబీయే. రెండు పక్కలా, నిగనిగలాడుతూ.

గ్రిసెల్దా ముసుగు పైకెత్తి అద్దంలోంచి తల్లి వైపు చూసింది. ఇక్కడ ఆపేస్తే ఆపేయవచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఒఫేలియా కారును తనివితీరా చూసుకుంది. అద్దం మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత తలూపింది.

"వెయ్యి."

మాట లోపలికి వినబడదు. పెదాల కదలిక చాలు. గ్రిసెల్దా ముసుగు దించుకుంది. పూత మీద పూత పడింది. గులాబీ చిక్కబడి దానిమ్మ గింజయింది, గింజ నిప్పు కణికయింది, ఆ పైన లోతు తెలియని ఎరుపు.

పండుగకు ముందురోజు కారును షెడ్డు బయటికి నెట్టారు. తాచో కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చుట్టూ తిరిగి చూశాడు. ఏడిపించడానికి వంక దొరకలేదు.

"ఇది కూడా వెలుస్తుంది, తెలుసుగా కొమాద్రే."

"తెలుసు."

"అప్పుడో?"

గ్రిసెల్దా పంపు దగ్గర గన్ను కడుక్కుంటోంది. ఒఫేలియా అటు తిరగలేదు, గొంతు మాత్రం కాస్త పెంచింది.

"అప్పుడా? మళ్లీ వేస్తుంది. వేసే మనిషి మా ఇంట్లోనే ఉంది."