పదమూడింటిలో ఒక్క దారి

ప్రతి శనివారం పొద్దున్నే మా ఆయన ప్రతిభకు దుమ్ము దులుపుతాను. అది మా ఇంటి నడవాలో, కోట్లు తగిలించే కొక్కేలకు కాస్త పైన, నల్లటి ఫ్రేములో వేలాడుతుంది. కంపెనీవాళ్ళు అద్దం బిగించి ఇచ్చిన పేటెంటు పత్రం. "విద్యుత్ ప్లగ్గులో పిన్నుల అమరిక. ఆవిష్కర్త: ఎకార్ట్ నోల్టింగ్." కింద ఒక వృత్తం, వృత్తం చుట్టూ నాలుగు చుక్కలు. ముందు అద్దం తుడవాలి, తరువాత ఫ్రేము పై అంచు తుడవాలి. దుమ్మంతా ఆ పై అంచు మీదే చేరుతుంది, ఎంత పొడుగు మనిషికైనా కంటికి ఆనదు. చివరగా ఫ్రేము వంకర తిరగలేదు కదా అని రెండడుగులు వెనక్కి వేసి చూసుకోవాలి. అంతా కలిపి ఒక నిమిషం. ఈ ఇంట్లో నేను చేసే పనులన్నిటిలో తక్కువ శ్రమతో ఎక్కువ మెరిసేది ఇదే.

ఆ శనివారం మాత్రం రెండుసార్లు దులిపాను. కంపెనీ తరఫు పేటెంటు లాయరు మధ్యాహ్నం కాఫీ వేళకు వస్తోంది. బవేరియాలోని పోటీ కంపెనీ ఒకటి ఎకార్ట్ పేటెంటు చెల్లదని అభ్యంతరం పెట్టింది. మంగళవారం మ్యూనిక్‌లో విచారణ. మోకాలికి ఆపరేషన్ అయి మూడు వారాలైనా కాలేదు కాబట్టి ఎకార్ట్ కారు నడపలేడు. లాయరే మా ఊరు మిండెన్ దాకా వస్తానంది.

"అల్మూట్, ఆవిడ వచ్చేసరికి కేకు చల్లారుతుందా?" సోఫాలోంచి కేక.

"చల్లారుతుంది."

"క్రీము ఉందా?"

"ఉంది."

"నా నీలం చొక్కా ఎక్కడ?"

"నీ ఒంటి మీద."

ఎకార్ట్ చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఇలాంటి కథల్లో మొగుడు చెడ్డవాడైతే పని సులువు. అతను తాగడు, అరవడు, నా పుట్టినరోజు మర్చిపోడు. మర్చిపోయేవి వేరే ఉన్నాయి. నేను గోటింగెన్‌లో గణితం చదివానన్నది వాటిలో ఒకటి. చదివి, ఒక బీమా కంపెనీలో రెండేళ్ళు లెక్కలు వేశాను. తరువాత మా అమ్మాయి ఇంకెన్ పుట్టింది. ఆ రోజుల్లో మా ఊరి పిల్లల బడి సరిగ్గా పన్నెండింటికి మూసేవారు. పన్నెండింటికి మూసే బడి ఉన్న ఊళ్ళో ఎవరో ఒకరు పన్నెండింటికి గేటు దగ్గర నిలబడి ఉండాలి. ఎవరు నిలబడాలన్నది మా ఇంట్లో చర్చకే రాలేదు. "నీ జీతం తక్కువ కదా, లెక్క నీకే తెలుస్తుంది" అన్నాడు ఎకార్ట్. లెక్క నాకే తెలిసింది. బడికి నడిచి వెళ్ళే దారి ఏడు వందల ఇరవై అడుగులు. తొమ్మిదేళ్ళ తరువాత ఇంకెన్ "ఇక రావద్దమ్మా, నవ్వుతున్నారు" అనేదాకా నడిచాను.

ఇక ఆ పేటెంటుకు ముందటి ఒక దండ సంగతి చెప్పాలి. ఏడేళ్ళ కిందటి మాట. మా చర్చి హాల్లో నిజం కొవ్వొత్తులు వెలిగించకూడదని అగ్నిమాపక దళం వాళ్ళు చెప్పారు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు, వారానికొకటి చొప్పున ఆకుల దండలో గుచ్చిన కొవ్వొత్తులు వెలగకపోతే ఇక్కడ ఎవరికీ పండగ వస్తున్నట్టు అనిపించదు. అందుకని మహిళా బృందంలో నేను కరెంటు దండ చేశాను. కింద బ్యాటరీ, మీటా ఉన్న చెక్క పళ్ళెం, పైన ఫర్ చెట్టు కొమ్మల గుండ్రటి దండ, దానిలో కొవ్వొత్తుల్లాంటి నాలుగు చిన్న దీపాలు. దండ కింద నాలుగు ఇత్తడి పిన్నులు, పళ్ళెంలో నాలుగు కన్నాలు, కరెంటు వెనక్కి వచ్చే తీగకు మధ్యలో ఒక స్ప్రింగు. మొదటి ఏడాది పిన్నుల్ని సమాన దూరంలో పెట్టాను. దాంతో దండ నాలుగు రకాలుగానూ కూర్చునేది. చర్చి చూసుకునే ముసలాయన ఎలా పెట్టాడో గానీ, మొదటి ఆదివారం మూడో కొవ్వొత్తి వెలిగింది. పాస్టరు ప్రార్థన మధ్యలో పిల్లలు పకపకా నవ్వారు.

మరుసటి ఏడాది బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఆలోచించాను. వృత్తాన్ని పదమూడు భాగాలు చేశాను. ఒకటో చోట, రెండో చోట, అయిదో చోట, ఏడో చోట పిన్నులు. ఎటు నుంచి కొలిచినా ఏ రెండు పిన్నుల మధ్య దూరమూ మరే రెండింటి దూరంతో కలవదు. కాబట్టి దండని తప్పుగా తిప్పి పెడితే నాలుగింట్లో ఒక్కటి మాత్రమే కన్నానికి ఎదురుగా వస్తుంది. మిగతా మూడూ చెక్కకు తగిలి "కాదు" అంటాయి. మొత్తం పదమూడు దారుల్లో పన్నెండు తప్పు, ఒకటి ఒప్పు. కళ్ళు మూసుకున్నా వేళ్ళకు తెలిసిపోతుంది. అలాంటివి పదకొండు చేసి చర్చి సంతలో పెట్టాను. ఒక్కోదానితో నా చేతిరాతలో ఒక కాగితం కూడా ఇచ్చాను: వృత్తం బొమ్మ, పదమూడు గీతలు, నాలుగు చుక్కలు. సాయంత్రానికల్లా అన్నీ అమ్ముడుపోయాయి. ఒకటి మా అత్తగారు హన్నెలోరె కొనుక్కుని, "కొవ్వొత్తులు వంకరగా ఉన్నాయి" అంది. పన్నెండోది మా ఇంట్లో ఉంచాను.

ఆ శరదృతువంతా ఎకార్ట్‌ది భోజనాల దగ్గర ఒకటే పాట. వాళ్ళ కంపెనీ పాలు పితికే యంత్రాలకు ప్లగ్గులు చేస్తుంది. చీకటి కొట్టంలో, తడి చేతితొడుగులతో, రైతు ప్లగ్గుని తప్పుగా తిప్పి పెడతాడు. రెండు పిన్నులు దిగుతాయి, బలంగా నొక్కుతాడు, మిగతావి వంగిపోతాయి. "ఈ రైతులతో చచ్చిపోతున్నాను" అనేవాడు సూపు తాగుతూ. మొదటి ఆదివారం మా దండని ఎకార్టే పళ్ళెం మీద పెట్టాడు. తిప్పాడు, కూర్చోలేదు. తిప్పాడు, కూర్చోలేదు. చివరికి టక్కుమంది. "బాగుంది. అయినా ఇది ఎవరికైనా తట్టేదేలే" అన్నాడు.

మార్చిలో అతని బల్ల తుడుస్తుంటే ఒక బొమ్మ కనిపించింది. వృత్తం, నాలుగు చుక్కలు, మధ్యలో ఎర్త్. నా చుక్కలే.

"ఇది మన దండ కింది పిన్నుల్లాగే ఉందే" అన్నాను.

"ఏ దండ?" అన్నాడు తలెత్తకుండానే.

పొయ్యి మీద ఏదో మాడుతోంది. వంటింట్లోకి వెళ్ళిపోయాను. అతను అబద్ధం ఆడలేదు. నన్ను పొడిచింది అదే. అబద్ధం ఆడాలంటే ముందు నిజం గుర్తుండాలి.

లాయరు డాక్టర్ టెబ్బె మూడింటికి, అంటే మూడింటికే వచ్చింది. పొట్టి జుట్టు, పెద్ద సంచి, నలభై ఏళ్ళుంటాయి. ప్లమ్ పళ్ళ కేకు మొదటి ముక్క తిన్నాక కాగితాలు తీసింది.

"శుభవార్తే నోల్టింగ్ గారూ. పేటెంటు కార్యాలయం వాళ్ళు ముందస్తు అభిప్రాయం పంపారు. అవతలివాళ్ళు పెట్టిన ఆరు పాత పత్రాలూ చూశాక కూడా ఏం రాశారో వినండి: 'ఈ రంగంలో నైపుణ్యం గల వ్యక్తికి ఈ అమరిక సహజంగా తట్టేది కాదు.' మంగళవారం మనదే."

ఎకార్ట్ మొహం మబ్బు విడిన సూర్యుడిలా వెలిగింది. నేను కాఫీ పోస్తున్నాను. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. తట్టేది కాదు. పెళ్ళైన ముప్ఫై నాలుగేళ్ళలో నా బుర్ర గురించి ఎవరైనా అన్న మంచి మాట అదొక్కటే. అది కూడా వేరే మనిషి పేరు మీద వచ్చింది.

"ఆ నైపుణ్యం గల వ్యక్తి ఎవరండీ?" అడిగాను.

"ఎవరూ కాదు," లాయరు నవ్వింది. "చట్టం ఊహించుకున్న మనిషి. తన రంగంలో అచ్చయినవన్నీ చదివేసి ఉంటాడు. అన్ని పనులూ వచ్చు. సొంతంగా కొత్తది మాత్రం ఏదీ తట్టదు."

ఆయన్ని నేనెరుగుదును అనబోయి, ఎకార్ట్‌కి ఇంకో ముక్క కేకు వేశాను.

"ఇంకొక్క లాంఛనం," అంది లాయరు. "దరఖాస్తు పెట్టింది మార్చి తొమ్మిదిన. అంతకు ముందు ఈ అమరికని బయటివాళ్ళెవరైనా చూశారా? ఎక్కడైనా ప్రదర్శించారా, ఎవరికైనా అమ్మారా? ఒక్కరోజు ముందు బయటపడినా కొత్తదనం పోయినట్టే, పేటెంటు నిలవదు. చేసింది ఎవరైనా సరే. మంగళవారం నేను లేచి 'లేదు' అని చెప్పాలి."

"ఎవరికి చూపిస్తాను?" ఎకార్ట్ హాయిగా వెనక్కి వాలాడు. "కాలవ ఒడ్డున నడుస్తుంటే తట్టింది, సోమవారం ఆఫీసులో గీశాను. ఇంట్లో చూపించడానికి ఎవరున్నారు? అల్మూట్ తప్ప."

క్రీము గిన్నె నా చేతిలో ఉంది. దాన్ని బల్ల మీద పెట్టడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆలోచించాను. ఈ కొత్తదనం నియమం నాకు ఆ క్షణం దాకా తెలియదు. నోరు మూసుకుంటే పేటెంటు ఉంటుంది. వచ్చే జూన్‌లో ఎకార్ట్ రిటైరవుతాడు. కంపెనీ పెద్దాయన ఆ చుక్కల గురించి ఉపన్యాసం ఇస్తాడు, నేను పువ్వుల గుత్తి పట్టుకుని పక్కన నిలబడతాను. నోరు విప్పితే మోకాలి నొప్పితో కుంటుతున్న మొగుడి గర్వాన్ని కాఫీ బల్ల మీదే విరగ్గొట్టినదాన్నవుతాను. ఆ చుక్కలు నావి అని చెప్పుకోవాలంటే ఎవరికీ కాకుండా పోనివ్వాలి, వేరే దారి లేదు. ఇటు తిప్పి చూశాను, అటు తిప్పి చూశాను. ప్రతిదానికీ ఏదో ఒక పిన్ను దిగుతోంది, మిగతావి గుచ్చుకుంటున్నాయి. అంతలో మళ్ళీ వినిపించింది: అల్మూట్ తప్ప.

"ఒక్క నిమిషం" అని నేలమాళిగలోకి వెళ్ళాను. ఈస్టర్ అలంకరణ గుడ్ల పెట్టె వెనకాల ఉంది దండ. కొమ్మలు ఎండి రాలిపోయాయి, చెక్కా ఇత్తడీ మిగిలాయి. తెచ్చి కేకు పక్కన పెట్టాను.

లాయరు దాన్ని ఎత్తింది. తిప్పి పెట్టింది, కూర్చోలేదు. ఇంకోలా పెట్టింది. మూడోసారి వెల్లకిలా తిప్పి పిన్నుల వంక చూసింది. చూస్తూనే చెంచా కింద పెట్టేసింది.

"ఎప్పటిది ఇది?"

"దరఖాస్తుకు ముందు వచ్చిన నవంబరుది. చర్చి సంతలో పదకొండు అమ్మాం. బొమ్మ గీసిన కాగితంతో సహా."

"ఎవరు చేశారు?"

"నేనే."

"అల్మూట్!" ఎకార్ట్ గొంతులో కోపం లేదు, నిద్రలోంచి లేపిన మనిషి గొంతులా ఉంది. "అది దండ కదా. పండగ సామాను. మా ప్లగ్గుకీ దానికీ ఏమిటి సంబంధం?"

"కరెంటు పోతుందా ఇందులో?" లాయరు నన్నే అడిగింది.

"నాలుగు పిన్నుల్లోనూ."

"వేరే సాక్షి ఎవరైనా?"

మా అత్తగారికి ఫోను చేసి స్పీకరు నొక్కాను. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, చెవులు మాత్రం పదహారేళ్ళవి.

"ఆ దండా? మా కోడలే చేసింది, ఇంకెవరు చేస్తారు?" అంది హన్నెలోరె. "కొవ్వొత్తులు వంకరే, అప్పుడే చెప్పాను. ఇప్పటికీ అంటాను. కానీ అమ్మాయ్, నా చేతులు ఎంత వణికినా అది తప్పుగా కూర్చోదు. ఆ కాగితం నా బైబిల్లోనే ఉంది, మీద సంత తేదీ కూడా ఉంది. ఏం, ఎవరైనా కాదంటున్నారా?"

"ఎకార్ట్ చేశాడేమోనని..." అన్నాను.

"వాడా!" ఫోను ఊగేలా నవ్వింది. "వాడికి అలాంటివి ఎక్కడ తడతాయే! బుద్ధిమంతుడు, చెప్పింది చేస్తాడు. అంతే."

ఫోను పెట్టేశాను.

లాయరు కాగితాలు సర్దుకుంది. "చూడనట్టు నటించలేను. సోమవారం కంపెనీతో మాట్లాడతాను. పేటెంటు వాళ్ళంతట వాళ్ళే వదులుకోవడం మర్యాదగా ఉంటుంది." నడవాలో కోటు వేసుకుంటూ ఫ్రేము కింద ఆగింది. "గణితం చదివారా?"

"చదివాను."

"తరువాత?"

"తరువాత పిల్లల బడి పన్నెండింటికి మూసేవారు."

వెళ్ళొస్తానని ఆమె నా చెయ్యి మామూలుకంటే కాస్త ఎక్కువసేపు పట్టుకుంది.

తిరిగి వచ్చేసరికి ఎకార్ట్ ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని దండని తిప్పుతున్నాడు. ఒక్కో చోటా ఆపి, నొక్కి, తీసి, మళ్ళీ తిప్పుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. పదమూడోసారి టక్కుమంది.

"పన్నెండూ తప్పే" అన్నాడు.

"అవును."

"నడుస్తుంటే తట్టిందనే అనుకున్నాను, అల్మూట్. ఒట్టు."

"తెలుసు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను. 'ఏ దండ?' అన్నావు."

దండని పళ్ళెం మీంచి తీసి బల్ల మీద పెట్టాడు. అతని మీద జాలేసింది. జాలేసినా క్షమాపణ మాత్రం నేను చెప్పలేదు. మామూలుగా మా ఇంట్లో ఆ పని కూడా నాదే. కేకు మిగిలిన పళ్ళాలు బల్ల మీదే వదిలేసి కూర్చున్నాను.

చివరికి చేతికర్ర అందుకుని లేచాడు. గుమ్మం దగ్గర నిలబడి నడవాలోకి తొంగి చూశాడు. "దాన్ని దించెయ్యమంటావా?"

"కంపెనీ అడిగేదాకా ఉండనీ" అన్నాను. అల్మారా తీసి, దుమ్ము గుడ్డ తెచ్చి, చేతికర్ర పట్టుకోని చేతిలో పెట్టాను. "శనివారాలు మాత్రం ఇక నీవి. పై అంచు మర్చిపోకు, ఎక్కువ చేరేది అక్కడే."