పక్కవాళ్ళ వేసవి

చాపలు మూడూ ఎండలో దులిపి తెచ్చి పరిచాక కృపానిధి మాస్టారు నల్లబల్ల వెనక చీపురుపుల్ల పెట్టి గీకాడు. తేళ్ళేమీ పడలేదు. యాభై రోజులు మూసి ఉన్న గది, గబ్బిలాల కంపు ఇంకా వదల్లేదు. ఊడ్చే మనిషి పోస్టు చినబంటుపాలెం బడికి ఎప్పుడూ లేదు. ఉన్నా ఆ మనిషి చేతిలో చీపురు ఈయనే లాక్కునేవాడు.

పొట్టి మనిషి. జేబు అడుగున ఎర్రసిరా మరక లేని చొక్కా ఆయనకు ఒక్కటీ లేదు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన గురించి మంచి గాని చెడు గాని ఒక్క కాగితం పై ఆఫీసుకు వెళ్ళలేదు. పొద్దున విజయనగరం నుంచి మోపెడ్ మీద రావడం, సాయంత్రం వెళ్ళడం, ఆదివారం బాప్టిస్టు చర్చిలో వెనక బెంచీలో కూర్చోవడం. ఈ నెల ముప్పైకి రిటైరవుతాడు. ఆ సంగతి ఊళ్ళో సగం మందికి తెలియదు, తెలిసినవాళ్ళు మరిచిపోయారు.

ఆయనకు దాని మీద బెంగ లేదు. బెంగంతా గెడ్డవలస పిల్లల మీద. గెడ్డ వాగు అవతలి ఆ పల్లెలో బడి మూసేసి, ఉన్న ఏడుగురు పిల్లల్నీ ఈ బడిలో కలిపారు. వాళ్ళలో నాలుగో తరగతి పద్మకుమారి ఒకతి. తల్లీ తండ్రీ ఏటా చెన్నైకి బిల్డింగు పనులకు వెళితే ఆ పిల్లను మామ్మ పెంచింది. వైశాఖంలో మామ్మ పోయింది.

నిన్న ఆరాధన కాగానే మాస్టారు వాళ్ళింటికి వెళ్ళాడు. తండ్రి గంగులు మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"పిల్లని మా అప్ప కాడ ఒగ్గీసి ఎల్దుమనుకున్నాం బాబూ. పిల్ల మాటాడ్డం మానీసినాది. మామ్మ పోయిన కాడ్నించీ ఒక్క మాట నేదు. అలాటి గుంటని ఒగ్గీసి ఎలా ఎల్తాం? మాతో తీసుకుపోతాం."

"ఒక్క రోజు పంపు గంగులూ. రేపు బడి తెరుస్తాను. సాయంత్రానికి అది నోరు విప్పకపోతే నీ ఇష్టం. మళ్ళీ నీ గుమ్మం తొక్కను."

"రేపు సాయింత్రమే రైలు" అన్నాడు గంగులు. కాదని మాత్రం అనలేదు.

తొమ్మిదయ్యేసరికి పిల్లలు దిగారు. ఊరి పిల్లలు కిటికీ వైపు రెండు చాపలూ ఆక్రమించారు. గెడ్డవలస ఏడుగురూ సంచులు ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర చాప మీద సర్దుకున్నారు. మధ్యలో మేక నడిచి పోయేంత దారి మిగిలింది.

బడి తెరిచిన రోజు మాస్టారు పాఠం చెప్పడు. వేసవి కబుర్లు చెప్పిస్తాడు. అయితే ఎవరి కబుర్లు వాళ్ళు చెప్పకూడదు. ఇద్దరిద్దరు జతగా కూర్చోవాలి, ఒకరి కబుర్లు ఒకరు వినాలి, ఆ తర్వాత లేచి పక్కవాడి వేసవి చెప్పాలి. అదీ 'వాడు' అని కాదు, 'నేను' అని చెప్పాలి. తప్పితే మళ్ళీ మొదటికి.

ఈ పద్ధతి ఆయనకు ఏ ట్రైనింగులోనూ ఎవరూ నేర్పలేదు. శృంగవరపుకోట మిషను హాస్టల్లో చదివేటప్పుడు, సెలవులయ్యాక ప్రతి పిల్లవాణ్ణీ నిలబెట్టి ఎక్కడికెళ్ళావని అడిగేవారు. కృపానిధి ఆ వేసవంతా తల్లితో కలిసి ఇటుకలు మోశాడు. అది చెప్పడానికి సిగ్గేసి, విశాఖపట్నం వెళ్ళి సముద్రం చూశానన్నాడు. సముద్రం నీళ్ళు ఎలా ఉంటాయని అక్కడి మాస్టారు అడిగితే చల్లగా, తియ్యగా ఉంటాయన్నాడు. క్లాసంతా నవ్విన ఆ నవ్వు అరవై ఏళ్ళొచ్చినా ఆయన చెవుల్లోంచి పోలేదు. పేదపిల్లాడి వేసవి ఇంకొకడి నోట్లోంచి వస్తే ఎవరూ నవ్వరని పెద్దయ్యాక కనిపెట్టాడు.

వీలైనంత వరకు అటొకరిని ఇటొకరిని కలిపి జతలు కట్టాడు. పద్మకుమారి పక్కన ధర్మేంద్రను కూర్చోబెట్టాడు. ధర్మేంద్ర నోటికి మూత లేదని వాళ్ళ మామ్మే చెబుతుంది. వాడు అమ్మోరి పండగ, రంగులరాట్నం అంటూ పది నిమిషాలు ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. ఆ పిల్ల కాలిగోరు చూసుకుంటూ కూర్చుంది. మాస్టారు హాజరుపట్టీలో గీతలు కొడుతున్నట్టు నటిస్తూ అటే చూస్తున్నాడు. కాసేపటికి ధర్మేంద్ర ఆగిపోయాడు. చెప్పడానికి వాడి దగ్గర ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు ఆ పిల్ల పెదాలు కదిలాయి. మాస్టారికి వినబడలేదు గాని, కడుపు నిండిపోయింది.

కబుర్లు మొదలయ్యాయి. మూడో తరగతి శ్రావణి లేచి, తాటిచెట్టెక్కి ముంజలు దింపానంది. గంటె కూడా ఎత్తలేని పిల్ల. గెడ్డవలస పిల్లలు మొదటిసారి నవ్వారు. ధర్మేంద్ర వంతు వచ్చింది. లేచి నిలబడి, నిక్కరు పైకి లాక్కున్నాడు. తర్వాత గొంతెత్తాడు.

"మా మామ్మ సచ్చిపోనాది."

బయట వంట చేస్తున్న లక్ష్మణమ్మ చేతిలో గరిటె సాంబారులో పడింది. ఆమె కొంగు దోపుకుని ఊళ్ళోకి పరుగెత్తడం లోపల ఎవరూ చూడలేదు.

"పొద్దున్నే నాకు తలంటింది. జడేసింది. అరుగు మీద తొంగుంది. ఎంత లేపినా నెగనేదు. అందరొచ్చి నన్ను పక్కింట్లో కూకోబెట్టీసినారు. ఏటయిందో నాకెవులూ సెప్పనేదు." ధర్మేంద్ర ముక్కు ఎగబీల్చి, నిజంగానే ఏడ్చాడు. మగపిల్లాడు జడేసిందన్నాడని ఎవరూ నవ్వలేదు. పద్మకుమారి తలెత్తి వాడి మొహంలోకి చూసింది.

మధ్యాహ్నం సాంబారు మాడింది. పిల్లలు మూతులు ముడుచుకుని తింటూ ఉండగా గేటు దగ్గర కేక వినిపించింది. గోగుచేలో కలుపు తీసి ఇంటికెళ్ళి, అటునుంచి అటే వచ్చిన తాయారు, ధర్మేంద్ర మామ్మ. చేతిలో కొడవలి, నెత్తి మీద ఆకుకూర మూట. ఆవిడ వెనకే లక్ష్మణమ్మ, తల దించుకుని.

"ఏటి మాస్టారూ, నాను సచ్చిపోనానా? ఇంటికెల్లి సూద్దును గదా, నా గుమ్మం ముందర పది మంది రాగాలు తీసి ఏడుస్తన్నారు. నా కొడుక్కి మిల్లుకి ఫోను కూడా సేసీసినారు. ఎవులు సెప్పినారీ మాట?"

మాస్టారు లేచి, ఎంగిలి చేత్తోనే నమస్కారం పెట్టబోయి ఆగాడు. జరిగింది చెప్పాడు. ఇన్నేళ్ళుగా ఆడిస్తున్న ఆటలో ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు. మాట మాటకీ తడబడ్డాడు. తాయారు విన్నది. మూట దించింది.

"ఏ గుంట?"

పద్మకుమారి కంచంతో లేచి నిలబడింది. ఇంతే సంగతులు, పిల్ల బెదిరిపోతుందని మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. తాయారు వెళ్ళి ఆ పిల్ల పక్కన చతికిలబడింది.

"కూకో. మీ మామ్మ పేరేటి?"

పిల్ల కంచం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "గౌరమ్మ."

"గౌరమ్మా? వరి నాటుకి నాతో వొచ్చీది. మంచి మనిసి. జడ బిగించి ఏసీది కదా?"

"బాగా బిగించీసీది. నొప్పెట్టీది" అంది పద్మకుమారి. ఆ గొంతు మాస్టారికి కొత్త. ఆ పిల్ల ఇంకోసారి తాయారును పైకీ కిందికీ చూసింది. "నిన్ను సూసి ఆ ఏడిసినోల్లేటన్నారు?"

"ఏటంటారు? ఒకతి దెయ్యమని పరిగెట్టింది. మా కోడలు నా ట్రంకు పెట్టె తీసి కొత్తసీర ఎతుకుతన్నాది, నా మీద కప్పడానికంట."

ఆ పిల్ల పకపకా నవ్వింది. లక్ష్మణమ్మతో సహా అందరూ నవ్వారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు ఏడుపొచ్చింది, ఆనందంతోనే.

తాయారు మధ్యాహ్నమంతా కదల్లేదు. ఆవిడ చచ్చిపోయిన కథ ఆవిడే మూడుసార్లు చెప్పింది. ఇరవై నలుగురూ ఆవిడ చుట్టూ ఒకే చాప మీద ఇరుక్కుని కూర్చున్నారు. చివర ఉన్న పద్మకుమారి సగం చాప మీద, సగం గచ్చు మీద ఉంది. రెండు చాపలు ఖాళీగా పడి ఉన్నాయి.

సాయంత్రం గంగులు గేటు దగ్గర నిలబడ్డాడు. పిల్ల పరుగున వెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"అయ్యా, నాను శృంగవరపుకోటలో అమ్మోరి పండక్కెల్లినాను. రంగులరాట్నం ఎక్కి, మావ సొక్కా మీద కక్కీసినాను."

"ఎప్పుడెల్లినావే?" అన్నాడు గంగులు తెల్లబోయి. తర్వాత మాస్టారి వైపు చూశాడు. తువ్వాలుతో మొహం అద్దుకున్నాడు.

"నువ్వు రైలుకి ఎల్లు. దీని జడ సంగతి నాను సూస్తాను" అంది తాయారు మెట్టు దిగుతూ. "మీ అప్ప ఏస్తే మరీ వొదులుగా ఉంటాది."

గంగులు, పెళ్ళాం మాత్రమే చెన్నై వెళ్ళారు.

ముప్పయ్యో తారీఖున బళ్ళో చిన్న మీటింగు పెట్టారు. తాయారు పట్టుబట్టి పెట్టించింది. ఊరివాళ్ళు గజమాల తేలేదు గాని, ఒక ఎర్ర శాలువా తెచ్చి మాస్టారి భుజాల మీద కప్పారు. ఆయన జీవితంలో ఆయనకు కప్పిన శాలువా అదొక్కటే. ఉపన్యాసం ఇమ్మంటే, సెలవంటూ రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. జనం వెళ్ళాక గది ఊడ్చి, తాళంచెవి లక్ష్మణమ్మకిచ్చి, మోపెడ్ స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పిల్లలు తలుపు తోసుకుని లోపలికొచ్చారు. అందరూ ఇరుక్కునే ఆ చాప చివర, పద్మకుమారి కూర్చునే గచ్చు మీద, నాలుగు మడతలు వేసి పరిచిన ఎర్ర శాలువా ఉంది.