గుండె ఒకరికి, కాలేయం ఒకరికి

కుర్చీలు చాలలేదని నిండు గర్భిణిని గోడకు ఆనించి నిలబెట్టి పరీక్ష రాయించారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అది పాఠ్యపుస్తకాలు వేసే కంపెనీ. కాంట్రాక్టు మీద పాఠాలు రాసేవాళ్లు కావాలంటారు. ముందు ఒక పాఠం రాసి చూపించాలి, జీతం ఆ తర్వాతి మాట. "కబురు చేస్తాం" అని పంపేస్తారు. ఆ కబురు ఎవరికీ రాలేదు. అయినా పొయ్యి వెలగాలి కదా, మళ్లీ మళ్లీ వచ్చి రాసేవాళ్లం. మాలో టీచరమ్మ పాత కాపు. ఆమె బడి మూతపడింది, ఇంటాయన మంచం పట్టాడు. ఈ పని దొరక్కపోతే ఇల్లు ఖాళీ చెయ్యాలి.

గర్భిణికి కళ్లు తిరిగాయి. టీచరమ్మ లేచి ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇలా ఇవ్వమ్మా, మిగతాది నేను రాసిపెడతా" అంటూ పేపరు అందుకుని ఆగిపోయింది.

"నీకు కాలేయం ఇచ్చారా? నాకు గుండె వచ్చిందే!"

"నాకు కిడ్నీలు" అన్నాడు వెనక నుంచి బట్టతలాయన.

"నాకు ఊపిరితిత్తులక్కా" అన్నాను నేను.

"పరీక్షంటే అందరికీ ఒకటే ప్రశ్న కదా? ఇదేం పరీక్ష?" అంది టీచరమ్మ.

బట్టతలాయన పళ్లు కొరికాడు. "మనందరివీ కలిపి కుడితే పుస్తకం అయిపోతుంది. పరీక్షా లేదు, పాడూ లేదు. ఊరికే చాకిరీ చేయించుకుంటున్నారు!"

హాలంతా భగ్గుమంది. మేనేజరు పరుగెత్తుకొచ్చి అరిచాడు. ఎవరూ లెక్కచెయ్యలేదు. అప్పుడు గొంతు తగ్గించి టీచరమ్మ పక్కకు చేరాడు.

"మేడమ్, మీ అనుభవం వేరు. వీళ్లకి నచ్చజెప్పండి. రేపే వచ్చి పనిలో చేరిపోండి."

ఆమె ముఖం పాలిపోయింది. ఒప్పుకుంటుందేమోనని నాకు భయం వేసింది. ఒప్పుకున్నా తప్పుపట్టలేను.

"వీళ్లందరికీ ఇస్తారా బాబూ?"

"అందరికీ ఎలా కుదురుతుంది?"

"అయితే నాకూ వద్దు. రాసినదానికి కూలివ్వండి. లేదంటే మా కాగితాలు మాతోనే వస్తాయి."

మేనేజరు తలుపులు మూయించి పోలీసుల్ని పిలిచాడు. కంపెనీ కాగితాలు దొంగిలించిందని ఆమెను జీపెక్కించి తీసుకుపోయారు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డాం. పరీక్షకు కొత్తవాళ్లు వచ్చారు. జరిగిందంతా చెప్పి, రాయొద్దని బతిమాలాం.

"మీకేం, చెప్తారు. మా ఇల్లెలా గడవాలి?" అని విరుచుకుపడింది ఒకావిడ.

"లోపలేసినావిడకీ ఇల్లు గడవాలి. ఉద్యోగం చేతికిస్తుంటే వద్దంది" అంది గర్భిణి.

గేటు తెరిచి లోపలికి పిలుస్తున్నా ఆవిడ కదల్లేదు.

"పోలీస్ స్టేషన్ ఎటు?" అని అడిగింది.

అందరం అటే నడిచాం.