పలుపు విప్పిన పడవ

ప్రమీలారాణికి పడవలంటే కోపం లేదు. ఒక్క పడవంటేనే కోపం. అది జగ్గయ్యపేట శివార్లలో వాళ్ల పత్తి షెడ్డులో ఆరేళ్లుగా తిష్ఠ వేసుకుని కూర్చుంది. కాలవకి నీళ్లు ఎప్పుడొదుల్తారా అని ఎదురుచూసే ఊళ్లో పడవేమిటని నవ్వని వాళ్లు పాపాత్ములు.

దాన్ని తెచ్చిన ఘనుడు ఆవిడ భర్తే. భవానీప్రసాద్‌కి సెంటర్లో విత్తనాలు, పురుగుమందుల షాపు ఉంది. పెదనాన్నగారి అస్థికలు కలపడానికి ముక్త్యాల రేవుకి వెళ్లిన మనిషి, సాయంత్రానికి పడవ కొనుక్కుని తిరిగొచ్చాడు. ఒకప్పుడు తెరచాప ఎత్తుకుని అవతలి ఒడ్డు నుంచి మిరపకాయ బస్తాల్ని, మనుషుల్ని మోసిన పడవట. ఆయన చూసేనాటికి బోర్లా పడి ఉంది, దాని కింద మేకలు పడుకుంటున్నాయి. "అసలు సిసలు టేకు ప్రమీలా! ఇప్పుడిలాంటి కర్ర ఎక్కడ దొరుకుద్ది?" అన్నాడు. ఆ మురిపెం చూసి ఆవిడ కూడా ఆ రోజు నవ్వేసింది. అదే ఆవిడ చేసిన పొరపాటు.

అప్పట్నుంచీ ఆయన మధ్యాహ్నం షాపు కట్టేస్తే ఇంటికి కాదు, షెడ్డుకే. భోజనం క్యారియర్లో అక్కడికే వెళ్లేది. ఫోన్లో ఎక్కడెక్కడి తెల్లవాళ్లో పాత పడవల్ని బాగుచేసే వీడియోలు చూడటం, ఉలి పట్టుకోవడం. పుచ్చిన చెక్కలు తీసి కొత్తవి బిగించాడు. సందుల్లో జనపనార కూరి, గుగ్గిలం కరిగించి పోశాడు. తెరచాప కట్టడానికి కొత్త కొయ్య నిలబెట్టాడు. నందిగామలో టైలర్ని బతిమాలి తెరచాప కుట్టించాడు. ఇంత చేసీ బాగుపడింది మాత్రం ఒక్క పక్కే. షెడ్డు తలుపు వైపున్న పక్క వార్నిష్‌తో నిగనిగలాడుతుంది. గోడ వైపున్నది మేకలు పడుకున్ననాటి బూడిద రంగులోనే ఉంది. చూడ్డానికొచ్చినవాళ్లు తలుపు దగ్గరే నిలబడతారు కదా, అందుకని. మొదటి పక్క అయిపోయి మూడేళ్లయినా ఆ రెండో పక్క మీద ఉలి పడలేదు. అయినా మనిషి రోజూ వెళ్తాడు, దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు, వస్తాడు. ఇంటికొచ్చినా కంచం ముందు ఉండేది ఒళ్లే. మనసు షెడ్డులోనే ఉండేది. పక్కనున్న మనిషి కోసం ఎదురుచూడ్డం ఎంత కష్టమో ప్రమీలారాణికే తెలుసు.

ఈ ఏడు షెడ్డుని పత్తి కొనేవాళ్లకి అద్దెకిచ్చేశారు. సోమవారం వాళ్లు దిగుతారు. ప్రమీలారాణి తెగేసి చెప్పింది.

"ఎవరికైనా అమ్మండి. లేదా టింబరు డిపో వాళ్లొచ్చి కోసుకుపోతారు. దర్వాజాలకి బాగా పనికొస్తదంట."

ఆయన నోటితో ఒప్పుకున్నాడు గానీ మొహంతో ఒప్పుకోలేదు. కంచికచర్ల హైవే హోటలతను పడవని గేటు ముందు పెట్టి, అందులో బల్లలు వేస్తానంటే "పడవలో బిర్యానీలు పెడతారటయ్యా?" అని పంపించేశాడు. మైలవరం నుంచి వచ్చినాయన చేతులు మరీ మెత్తగా ఉన్నాయని వంక పెట్టాడు. అమ్మనూ లేడు, పూర్తి చెయ్యనూ లేడు. కక్కలేక మింగలేక అన్నట్టుగా శుక్రవారం దాకా లాక్కొచ్చాడు.

శుక్రవారం గ్రేసీ వచ్చింది. నందిగామలో ఆడపిల్లల స్కూల్లో డ్రిల్లు టీచరు. నలభై దాటుంటాయి. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ నేవీ విభాగంలో చేరి వైజాగ్‌లో తెరచాప పడవలు నడిపిందట. తలుపు దగ్గర ఆగకుండా తిన్నగా గోడ వైపుకి వెళ్లింది. ఆ బూడిద రంగు చెక్కల్ని వేలితో కొట్టి చూసుకుంటూ ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది.

"చేసిన పక్క బాగుంది సార్. ఈ పక్క నేను చేసుకుంటా. కానీ ఒకసారి నీళ్లలో వేసి చూడాలండి. తేలితే ముక్త్యాల నుంచి అటే మా అమ్మగారి ఊరు గుడిమెట్లకి తీసుకెళ్లిపోతా."

భవానీప్రసాద్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "నీళ్లలోనా? ఇప్పుడే ఎందుకండీ..." అని నసిగాడు. ఇదిగో, మళ్లీ మొదలైందనుకుంది ప్రమీలారాణి. ఆయన ఇంకో మాట అనేలోపు "రేపు పొద్దున్నే వెయ్యిద్దామమ్మా" అని ఖాయం చేసేసింది.

శనివారం వత్సవాయి నుంచి డ్రైవరు బెన్ని ట్రాక్టరు తెచ్చాడు. వెనక ట్రక్కులో వరిగడ్డి పరిచి, దాని మీదకి పడవని ఎక్కించి, బందోబస్తుగా కట్టి ముక్త్యాల రేవులోకి వెనక్కి తోలాడు. పదిమంది ఓ పట్టు పట్టారు. పడవ జర్రున జారి నీళ్లలో పడింది, ఓసారి అటూ ఇటూ ఊగింది, నిలబడింది. చేతిలో మగ్గుతో భవానీప్రసాద్ అందులోకి ఎక్కాడు. బూడిద రంగు పక్కన చెక్కల సందుల్లోంచి నీళ్లు ఊరుతుంటే వంగి తోడటం మొదలుపెట్టాడు. తల ఎత్తలేదు.

గ్రేసీ మోకాల్లోతు నీళ్లలో చుట్టూ తిరిగి చూసింది. "ఎండిపోయిన చెక్క కదండీ, కాసేపు నీళ్లు తాగితే ఉబ్బి అదే మూసుకుంటది. నాకు నచ్చింది, తీసుకుంటున్నా" అని, తమ్ముడికి ఆ మాటే చెబుదామని ఫోను పట్టుకుని గట్టెక్కింది.

తీసుకుంటున్నా! ప్రమీలారాణికి ఆ ఒక్క మాటతో నెత్తిన ఆరేళ్ల బరువు దిగిపోయింది. నది వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. బేరం కుదిరింది, సరుకు వాళ్లదైంది. ఇంక మిగిలిందొక్కటే. ఆవిడ పుట్టింట్లో గేదెని అమ్మినా ఎద్దుని అమ్మినా పలుపు మాత్రం ఇచ్చేవాళ్లు కాదు. కొన్నవాడు తన తాడు తనే తెచ్చుకుని కట్టుకుపోవాలి. పలుపు కూడా పంపిస్తే ఇంట్లో పాడి అంతా దాని వెనకే పోతుందని వాళ్ల నమ్మకం. పడవ ముక్కుకున్న రింగు నుంచి ట్రక్కు కొక్కేనికి కట్టిన కొత్త తాడు ఆవిడ కళ్లెదురుగానే ఉంది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, నీళ్లలోకి దిగి, రింగు దగ్గర ముడి విప్పింది. కొక్కెం నుంచి కూడా తీసేసి, తాడుని పద్ధతిగా చుట్ట చుట్టి భుజాన వేసుకుంది. ఇంటి అదృష్టాన్ని కాపాడానని ఆవిడ తృప్తి.

ఆ తృప్తి ఎంతోసేపు నిలవలేదు. పడవ ముక్కు మెల్లగా పక్కకి తిరిగింది. రేవు మెట్లని ఓసారి రాసుకుని, తర్వాత చెప్పాపెట్టకుండా బయల్దేరింది.

"అమ్మగారూ, పడవ!" అని అరిచాడు బెన్ని.

భవానీప్రసాద్ తలెత్తాడు. తనకీ గట్టుకీ మధ్య నీళ్లు కనిపించాయి. "ప్రమీలా! తాడు! తాడు విసురు!" అన్నాడు. ఆవిడ ఒక కొస పట్టుకుని విసిరింది. అది రెండు బారల దూరంలో పడి తేలింది. పడవ అప్పటికే దాన్ని దాటేసింది. సాయం పట్టినవాళ్లు పనుల మీద పోయారు, చేపలవాళ్ల పడవలన్నీ పొద్దున్నే వెళ్లిపోయాయి. ఆయనకి ఈత రాదు.

ప్రమీలారాణికి పై ప్రాణాలు పైనే పోయాయి. పీడ వదిలిందనుకున్న పడవ మొగుణ్ణి కూడా ఎక్కించుకుని పోతోంది. దాన్ని పొమ్మన్నదీ తనే, ముడి విప్పిందీ తనే. "దేవుడా, పడవని ఇంట్లోనే ఉంచుకుంటా. కావాలంటే నట్టింట్లో పెట్టుకుంటా. ఆ మనిషిని ఒడ్డుకి చేర్చు" అని పైకే అనేసింది. ఆ మొక్కులో కల్లాకపటం లేవు. ఆ నిమిషంలో పడవ మీద ఆవిడకి కోపమన్నదే లేదు.

గ్రేసీ ఫోను బెన్ని చేతిలో పడేసి, చున్నీ నడుముకి బిగించి దూకేసింది. "కూర్చోండి సార్! నిలబడొద్దు! చుక్కాని పట్టుకోండి!" అని అరుస్తూనే ఈదింది. పడవ అంచు పట్టుకుని ఒక్క ఊపున పైకెక్కింది. కొయ్య దగ్గర తాళ్లు సర్దింది, లాగింది. నందిగామ టైలరు కుట్టిన తెల్ల తెరచాప ముడతలు ముడతలుగా లేచి, గాలి పట్టుకుని, ఒక్కసారిగా నిండుగా ఉబ్బింది. ఎటు పోతోందో తెలియని పడవకి దారి దొరికింది. అది ఒక పక్కకి ఒరిగి, నదిలో పెద్ద వంపు తిరిగి, నిమ్మళంగా రేవు వైపుకి వచ్చింది. వెళ్లేటప్పుడు దాని మెరిసే పక్క కనిపించింది. వచ్చేటప్పుడు బూడిద రంగు పక్క కనిపించింది. నీళ్ల మీద చూస్తే రెండూ ఒకే పడవలాగానే ఉన్నాయి.

చుక్కాని దగ్గర భవానీప్రసాద్ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ప్రమీలారాణికి ఏడుపొచ్చింది. ఆయన గట్టెక్కగానే రెండు చేతులూ పట్టుకుని ఒళ్లంతా తడిమి చూసుకుంది. తర్వాత తిట్టింది. తప్పు తనదేనని గుర్తొచ్చి మధ్యలో ఆపేసింది.

"తాడెందుకు విప్పావే?" అన్నాడాయన.

"అమ్మినాక పలుపు ఇవ్వకూడదు కదండీ."

బెన్ని పకపకా నవ్వాడు. గ్రేసీ జుట్టు పిండుకుంటూ పడవ వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసింది.

"సార్, పడవ నడుస్తుంటే మీ మొహం చూశా. ఉంచుకోవాలనిపిస్తే ఇప్పుడే చెప్పెయ్యండి. నేనేం అనుకోను."

ప్రమీలారాణికి కాసేపటి కిందటి మొక్కు గుర్తొచ్చింది. "మీకు అంత ఇష్టమైతే..." అంది. నిజంగానే అంది. సోమవారం పత్తి దిగితే దిగనీ, ఆ మనిషి అలా నవ్వడం కంటే షెడ్డు అద్దె ఎక్కువా?

భవానీప్రసాద్ తల అడ్డంగా ఊపాడు.

"వద్దు ప్రమీలా. ఆ పక్కెందుకు ముట్టుకోలేదో తెలుసా నీకు? పూర్తి చేస్తే నీళ్లలో వెయ్యాలి. వేస్తే మునుగుద్దేమోనని భయం. మునిగితే నేను చేసిందంతా ఉత్తదే కదా. అందుకే రోజూ వెళ్లి దాని ముందు కూర్చుని వచ్చేవాణ్ణి. పని లేదు అక్కడ, భయమే." ఆయన పడవ అంచుని అరచేత్తో నిమిరాడు. "తేలింది. ఇంక నాకేం కావాలి? టీచరుగారూ, పడవ మీదే. రెండో పక్క తీరిగ్గా చేసుకోండి."

ఆరేళ్లుగా ఆయన పడవ మీద ప్రేమతో అక్కడ కూర్చుంటున్నాడనుకుని కుళ్లుకుంది ప్రమీలారాణి. ఈ మనిషి భయపడుతూ కూర్చున్నాడా, ఒక్కడూ! అడిగి ఉంటే చెప్పేవాడేమో. పుట్టింటివాళ్లు వింటే ఏమనుకున్నా సరేనని, నీళ్లు కారుతున్న తాడుని తీసుకెళ్లి గ్రేసీ చేతుల్లో పెట్టింది.

"తీసుకో తల్లీ. ఇదేం గేదె కాదు, పాలివ్వదు."

గ్రేసీ నవ్వి తాడు అందుకుంది. తమ్ముడు ఫ్రాన్సిస్ మోటారు సైకిల్ మీద వచ్చి, దాన్ని రేవు దగ్గరే పెట్టాక, అక్కాతమ్ముళ్లిద్దరూ తెరచాప ఎత్తుకుని గుడిమెట్ల దారి పట్టారు. మలుపు తిరిగేదాకా భవానీప్రసాద్ చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, "ఆకలేస్తోంది" అన్నాడు. మిట్టమధ్యాహ్నం ఆయన నోట ఆ మాట విని ఎన్నేళ్లయిందో.

ట్రాక్టరు మీద బెన్ని పక్కన చోటున్నా ఇద్దరూ ఖాళీ ట్రక్కులో వరిగడ్డి మీదే కూర్చున్నారు. క్యారియర్ విప్పి పులిహోర పెట్టింది. ఆయన గిన్నె తుడిచినట్టు తిని, ఇంటి గేటుకి రంగు వేయించాలని, చెల్లెల్ని చూసి చాలా రోజులైందని ఏవేవో చెప్పాడు. ఆవిడ ఊ కొట్టింది. చెబుతూ చెబుతూనే గడ్డి మీద వాలి, ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని, సగం దారి రాకముందే గురక మొదలుపెట్టాడు.

ఎండ మొహం మీద పడకుండా ప్రమీలారాణి కొంగు అడ్డం పట్టింది. చెయ్యి నొప్పెట్టినా దించలేదు. ఇన్నాళ్లకి ఆ మనిషి మొత్తంగా ఇంటికి వస్తున్నాడు.

"బెన్నీ" అంది మెల్లగా, "గుంతల దగ్గర నిదానంగా తోలయ్యా. తొందరేం లేదు."