ఏడో బల్బు

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల కోసం ఎలక్ట్రీషియన్ వీధి గ్రంథాలయంలో ఒక బోర్డు బిగించాడు. పొద్దున లేవగానే వాళ్లు ఇంట్లో బటన్ నొక్కితే బోర్డు మీద వాళ్ల నంబరు బల్బు వెలుగుతుంది. వెలగకపోతే ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టాలి. అందరూ మెచ్చుకుంటుంటే అతనికి కాళ్లు నేల మీద నిలవలేదు.

ఏడో నంబరు అతని పిన్నిది. "బతికే ఉన్నానని రోజూ నీకు హాజరు పలకాలట్రా?" అని సణుగుతూనే ఆరింటికల్లా నొక్కేది.

ఒకరోజు ఏడు వెలగలేదు. పిన్ని మర్చిపోయే మనిషి కాదు, లోపం బోర్డులోనే ఉందనుకుని బల్బు మార్చాడు. వైర్లు విప్పి చూసి మళ్లీ మార్చాడు. అతను వెళ్లి పిన్ని తలుపు తట్టేసరికి మధ్యాహ్నమైంది.

"పది దాకా ప్రాణం ఉన్నట్టుంది" అన్నాడు డాక్టరు.

ఆ ఇంటికి తాళం పడింది. వైరు అతనే కత్తిరించాడు. అయినా ఏడో బల్బు రోజూ ఆరింటికి వెలుగుతూనే ఉంది.

"పీకెయ్ బాబూ, చూస్తుంటే ఒళ్లు జలదరిస్తోంది" అంది గ్రంథాలయం చూసుకునే ఆవిడ.

"ఉండనీయండమ్మా."

ఇవాళ ఆరు దాటినా ఏడు వెలగలేదు. అలవాటుగా చెయ్యి కొత్త బల్బు మీదికి పోయింది. చటుక్కున వెనక్కి లాక్కుని, తాళం వేసిన ఆ ఇంటికి పరుగు తీశాడు.